ఆయుధచట్టము – మన సీమ చరిత్రము

తుపాకి యెవరి చేత నుండవలెను, ఎవరి చేత నుండరాదు అను ప్రశ్న సాధారణముగా దూరదేశముల వార్తలను జదువునప్పుడే మనకు దోచుచుండును. పాఠశాలలోని బాలురను, అంగడివీధిలోని జనులను ఒకే మనుష్యుడు పదులకొలదిగా గాల్చిచంపెనని విన్నప్పుడు "ఆ దేశమున జట్టములు లేవా?" యని ఆశ్చర్యపడుదుము. కాని పెనుకొండ, ధర్మవరము, హిందూపురము ప్రాంతముల చరిత్ర మెఱిగినవారికి ఇది ఇంటి ప్రశ్నయే. ఆయుధములను లాగికొనుట, వానికి అనుమతిపత్రమును విధించుట, చట్టమును దప్పించుకొని వేఱొక ఆయుధమును గల్పించుకొనుట – ఈ మూడును రెండువందల యేండ్లలో మన సీమ చూచినది. వీనిని వరుసగా విమర్శించినగాని చట్టము చేయగలదేదో, చేయజాలనిదేదో తెలియదు.

1565లో తళ్లికోట యుద్ధము ముగిసిన పిమ్మట విజయనగర ప్రభువులు పెనుకొండను రాజధానిగా జేసికొనిరి. వారి బలము క్షీణించినకొలదిని పాలెగాండ్రు తలయెత్తిరి. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తము చేసెను. దత్తమండలమను పేరు అందువలననే కలిగినది. అచ్చటికి బ్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో 1807 వఱకు బాలించెను. ఆతడు వచ్చునప్పటికి దత్తమండలమున సుమారు 80 మంది పాలెగాండ్రు, వారి వెనుక వేలకొలది ఆయుధధారులైన బంట్లు ఉండిరి. గ్రామమును గాచుటయు, దోచుటయు, పగ తీర్చుటయు ఆ బంట్ల చేతనే జరుగుచుండెను. మన్రో వారి సైనికబలమును విఱిచి, పాలెగాండ్రలో గొందఱిని దొలగించి, కొందఱికి భరణము లేర్పఱచెను. ఆయుధము పోయినది, కాని "నా పగను నేనే తీర్చుకొందును, న్యాయస్థానముతో నాకేమి పని?" అను అభిమానము పోలేదు. ఇది జ్ఞాపకముంచుకొనవలసిన మాట.

1878లో లిట్టన్ ప్రభువు కాలమున ఆయుధచట్టము పుట్టినది. అనుమతిపత్రము లేక భారతీయుడు తుపాకి నుంచుకొనరాదు. ఐరోపావారికి మాత్రము మినహాయింపు. చట్టము మంచిదైనను, జాతినిబట్టి తారతమ్యము చూపిన యెడల ప్రజలు దానిని అవమానముగానే యెంతురు. కావున ఆ చట్టమును సవరింపవలెనని కాంగ్రెసు మహాసభ పెక్కుమాఱులు కోరెను. 1931లో కరాచీ తీర్మానమున, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును గూడ పౌరుల హక్కులలో జేర్చిరి.

స్వాతంత్ర్యము వచ్చినది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు హెచ్. వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగమున జేర్పవలెనని సవరణ తెచ్చెను. ప్రతి పౌరునికిని ఆ హక్కు నిచ్చినచో దొంగకును దోపిడికానికిని గూడ ఇచ్చినట్లే యగునని డాక్టరు అంబేద్కరు వాదింపగా, సభ సవరణను నిరాకరించెను. పరప్రభుత్వమున అవమానమైనది స్వప్రభుత్వమున ఏల ఆవశ్యకమైనది? తారతమ్యము తొలగినచో నియమము దాస్యము కాదు. అది యందఱును గలిసి యొప్పుకొన్న కట్టుబాటు.

ఆ కట్టుబాటే 1959 నాటి ఆయుధచట్టము. అది 1962 అక్టోబరు 1వ తేదీనుండి యమలులోనికి వచ్చినది. 21 ఏండ్లు నిండనివానికిని, మతి స్థిరము లేనివానికిని అనుమతి లేదు. పోలీసువారి నివేదికను దెప్పించుకొని విచారింపవలెను. అయినను చట్టము కఠినహృదయము గలది కాదు. పంటను గాపాడుకొనవలసిన సేద్యగాడు మూతినుండి మందు దట్టించెడు తుపాకి నడిగినచో, నిజమైన యవసరము కనబడినప్పుడు అనుమతి నీయవలెననియే దాని విధి. అడవిపందులు వేరుసెనగ చేలను ద్రవ్వి పాడుచేయు మన సీమలో ఈ మాటకు విలువ గలదు. 2019 సవరణ వలన ఒక్కొక్కరు ఉంచుకొనదగిన తుపాకులు మూడు పోయి రెండైనవి. పెండ్లిండ్లలో సంబరమునకై తుపాకి కాల్చి పరుల ప్రాణములకు అపాయము దెచ్చువారికి శిక్షయు నేర్పడినది.

ఇట్టి చట్టముండియు మన సీమ రక్తమున దడియలేదా? తడిసినది. ఇచ్చటి కక్షలలో చంపుటకు సాధనములు అనుమతిపత్రము గల తుపాకులు కావు, వేటకొడవళ్లు, నాటుబాంబులు. 1908 నాటి ప్రేలుడు పదార్థముల చట్టము బాంబును జేయుటయే నేరమని చెప్పుచుండగనే పల్లెలలో బాంబులు తయారైనవి. పెనుకొండ శాసనసభ్యుడైన పరిటాల రవీంద్రను జంపుటకై 1997 నవంబరు 19వ తేదీన హైదరాబాదులో గారుబాంబును బ్రేల్చిరి. ఉద్దేశింపబడినవాడు బ్రదికెను, 26 మంది యితరులు మరణించిరి. వారిలో జిత్రములు దీయ వచ్చిన దూరదర్శన వార్తాసంస్థ యుద్యోగులు పలువురు. వారికి ఏ కక్షతోను సంబంధము లేదు. అన్యదేశములలో తుపాకి చేసిన సామూహికవధను మనయొద్ద బాంబు చేసినది. 2005 జనవరి 24వ తేదీన అనంతపురమున రవీంద్రయు తుపాకి గుండ్లకే బలియయ్యెను. ఆ కారుబాంబు వ్యవహారమున శిక్షపడిన మద్దెలచెరువు సూరియు 2011 జనవరి 3వ తేదీన హైదరాబాదులో గాల్పబడి చనిపోయెను.

"చూచితిరా, చట్టము నిష్ప్రయోజనము, చంపదలచినవాడు ఏదో యొక సాధనముతో జంపును" అని కొందఱందురు. ఈ వాదములో సగము సత్యము, సగము ప్రమాదము. కోపము అన్ని దేశములందును నొకటియే. కాని కోపము వచ్చిన ఘడియలో చేతికందిన సాధనమునుబట్టి శవముల సంఖ్య మాఱును. 1996 మార్చి 13న స్కాట్లండులోని డన్‌బ్లేన్ పాఠశాలలో 16 మంది బాలురను, ఒక యుపాధ్యాయినిని ఒకడు గాల్చిచంపెను. మరుసటి యేడే బ్రిటను పిస్తోళ్లను నిషేధించెను. అదే 1996 ఏప్రిలులో ఆస్ట్రేలియాలోని పోర్టు ఆర్థరున 35 మంది చనిపోగా, ఆ ప్రభుత్వము ఆఱు లక్షలకు మించిన తుపాకులను మూల్యమిచ్చి తిరిగి కొని నాశనము చేసెను. అట్టి ఘాతుకములు ఆ దేశములలో పూర్తిగా నశింపలేదు గాని అరుదైనవి. అమెరికాలో 2012 డిసెంబరు 14న శాండీ హుక్ పాఠశాలయందు 20 మంది పసిబిడ్డలును ఆఱుగురు పెద్దలును హతులైరి. అయినను తుపాకి కొనువారి పూర్వచరిత్రను విస్తృతముగా బరీక్షింపవలెనను బిల్లు 2013 ఏప్రిలులో సెనేటున వీగిపోయెను. తుపాకి నచ్చట 1791 నాటి హక్కుగా నెంచుటయే దీనికి ముఖ్యకారణము. ఆ లోపము మన యిండ్లను గూడ దాకినది. 2017లో కాన్సస్ రాష్ట్రపు ఓలేథేలో జాతిద్వేషి చేతను, 2023 మే 6న టెక్సస్ రాష్ట్రపు ఆలెన్ అంగడిలో సామూహికవధయందును తెలుగు బిడ్డలు ప్రాణములు గోల్పోయిరి. బిడ్డలను సముద్రము దాటించిన తలిదండ్రులకు ఇది పరదేశపు వాదము కాదు.

కావున తేలిన దేమనగా: చట్టము చావుల లెక్కను దగ్గించును, పగను మాత్రము మాన్పజాలదు. పగను మాన్పునది వేగమైన న్యాయవిచారణ, భయపడని సాక్షి. ఊరందఱు చూచుచుండగా హత్య జరిగి, న్యాయస్థానమున "నేను చూడలేదు" అని చెప్పు సాక్షి ఉన్నంతవఱకు, చచ్చినవాని కుమారునకు కొడవలియే న్యాయాధిపతి యగును. మన్రో విఱువజాలని అభిమానము అదియే.

ఇచ్చట గృహస్థులకును గృహిణులకును బని గలదు. ఎన్నికలు ప్రకటింపబడగానే తుపాకులను ఠాణాలో నప్పగింపుడని యధికారులు కోరుచుందురు. ఆ కొన్నాళ్లు తుపాకి లేకయే ఇల్లు గడచుచున్నది గదా! అవసరము లేనివాడు గౌరవమునకై అనుమతిపత్రమును గోరుట మానవలెను. తండ్రిని గోల్పోయిన బాలుని ఒడిలో గూర్చుండబెట్టుకొని హంతకుని పేరు నేర్పు ఇండ్లు మన సీమలో నుండెను. ఆ పేరునకు బదులు అక్షరములు నేర్పిన తల్లులును ఉండిరి. వారి పేర్లు ఏ చరిత్రమునను లేవు. కాని వారి యిండ్లలో పగ ఒక తరముతో నాగిపోయినది. శాసనసభలు చేయవలసిన చట్టములను చేయనిండు. ఈ చట్టమును మాత్రము మన యింట మనమే చేసికొనవలెను.