పితూరీ

"అమ్మా, అన్నయ్య నా మీద పితూరీలు చెబుతున్నాడే!" ఇవాళ ఈ మాటకు మిగిలిన అర్థం చాడీ, ఫిర్యాదు. ఒకప్పుడు పితూరీ అంటే తిరుగుబాటు. అరబ్బీలో 'ఫుతూర్' అంటే నీరసం. ఉర్దూకి వచ్చేసరికి అది 'ఫితూర్' అయి లోపం, అలజడి అనే అర్థాలు తెచ్చుకుంది. తెలుగు నోట ఫకారం పకారమైంది.

తెల్లదొరల కాగితాల్లో గోదావరి మన్యంలో 1879 నాటి గొడవ పేరు రంప పితూరీ. దాని వెనుక ఉన్నవి ఫిర్యాదులే: ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద పన్ను, ఆ కొండల జమీందారైన మన్సబుదారు వసూళ్లు, అప్పు కింద పశువుల్ని తోలుకుపోయే మైదాన వ్యాపారులు. వినేవాడు లేక కొండజనం విల్లు పట్టారు. 1922లో అల్లూరి సీతారామరాజు కాలానికి పోడు సాగు మీద ఆంక్షలూ తోడయ్యాయి. సర్కారు పంపింది మలబారు పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని.

పరాయి పాలన కాబట్టి అలా చేసింది అనుకుందాం. మరి మనం ఎన్నుకున్న ప్రభుత్వం? ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా ఆపే చట్టం శ్రీకాకుళం సాయుధ పోరాటం రగులుతున్న రోజుల్లో గానీ 1/70గా కట్టుదిట్టం కాలేదు. ఆ ఆలస్యం నన్ను బాధిస్తుంది. ఠాణా మీద దాడి చేసినవాణ్ని పట్టుకోవలసిందే, కానీ శిక్ష వేయవలసింది కోర్టు, ఎన్‌కౌంటర్ కాదు. ఆ మనిషి ఊరు చెప్పే పితూరీని కలెక్టరు కూర్చుని వినాలి. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వం, మావోయిస్టులు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు బల్ల మీదికి వచ్చిన పెద్ద విషయాల్లో భూమి ఒకటి. కొన్ని నెలలకే ఆ చర్చలు ఆగిపోయాయి.