ఉన్న ఊరి చదువు, పొరుగూరి చదువు - మన కుటుంబముల కథ

ప్రతి సంవత్సరము జూన్ నెల వచ్చేసరికి కొత్తపేటలో మన సంఘ కుటుంబములలో ఒకే మాట వినబడుతుంది. "అబ్బాయిని ఇక్కడే ఉస్మానియాలో చేర్చుదామా, బయటికి పంపుదామా?" ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత గుమ్మము దగ్గర నిలబడి తల్లులు మాట్లాడుకొనేది ఇదే. ప్రార్థన మనవులలో వచ్చేది ఇదే. శతవార్షికోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర వ్రాయుమని పెద్దలు మమ్మును అడిగినప్పుడు, రాజుల చరిత్ర కంటె ఈ ప్రశ్నకున్న చరిత్రనే వ్రాయుట మేలని మాకు తోచినది. ఎందుకనగా ఈ ప్రశ్న మన తరముతో పుట్టినది కాదు. మన తాతల నాడును ఉన్నది.

మొట్టమొదట ఒక సంగతి జ్ఞాపకము చేసికొనవలెను. హైదరాబాదులో ఒకప్పుడు అసలు విశ్వవిద్యాలయమే లేదు. 1887లో నిజాం కళాశాల ఏర్పడినది గాని, అది మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా ఉండేది. పాఠము ఇక్కడ, పట్టా మద్రాసుది. ఆ కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు అఘోరనాథ చట్టోపాధ్యాయ గారు. ఆయన స్వయముగా ఎడింబరోలో చదివి డాక్టరు పట్టము పొంది వచ్చినవారు. ఆయన కుమార్తె సరోజిని పన్నెండేళ్ల ప్రాయములో మద్రాసు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలైనది. 1895లో నిజాం ప్రభువు ఇచ్చిన విద్యార్థి వేతనముతో ఇంగ్లండుకు వెళ్లి లండనులో కింగ్స్ కాలేజీలోను, కేంబ్రిడ్జిలో గర్టన్ కాలేజీలోను చదివినది. 1898లో పట్టా లేకుండానే తిరిగి వచ్చినది. తరువాత ఆమె సరోజినీ నాయుడుగా దేశమంతటికి తెలిసినది. దూరము వెళ్లిన ప్రతివారు పట్టాతోనే తిరిగి రారనియు, పట్టా లేనంత మాత్రాన వెళ్లిన ప్రయాణము వ్యర్థము కాదనియు ఆమె జీవితము చెప్పుచున్నది.

తీరాంధ్రలో మిషనరీల కాలేజీలు ముందే వచ్చినవి. మచిలీపట్నములో రాబర్ట్ నోబుల్ గారు 1843లో పెట్టిన పాఠశాల నోబుల్ కాలేజీగా ఎదిగినది. గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో మొదలైనది. కాని వాటికి కూడ పట్టా ఇచ్చేది మద్రాసే. ఆడపిల్లల సంగతి మరీ కష్టము. మద్రాసులో విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ 1915లో తెరచిరి. వేలూరులో ఐడా స్కడర్ గారు 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టిరి. తెలుగు క్రైస్తవ గృహములలోని పిల్లలు పెట్టె సర్దుకొని, రైలెక్కి, అరవ దేశమునకు వెళ్లి డాక్టరమ్మలుగా, పంతులమ్మలుగా తిరిగి వచ్చారు. ఆనాడు "ఇక్కడా, అక్కడా" అన్న ప్రశ్న లేదు. చదవవలెనంటే వెళ్లవలసినదే. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో వచ్చిన తరువాతనే సర్కారు జిల్లాల వారికి తమ ఊరి పట్టా దొరికినది.

ఇక మన ఉస్మానియా. సర్ అక్బర్ హైదరీ గారు వ్రాసిన విజ్ఞాపనపై, 1917 ఏప్రిల్ 26న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా జారీ చేశారు. 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో బషీర్‌బాగ్ దగ్గర నిజాం కళాశాల ప్రక్కనున్న భవనములో పని ప్రారంభమైనదని విశ్వవిద్యాలయ చరిత్ర చెప్పుచున్నది. ఇప్పుడు మనము చూచే ఆర్ట్స్ కాలేజీ భవనమునకు 1934లో పునాది వేసి, 1939లో ప్రారంభోత్సవము చేశారు. బోధన అంతయు ఉర్దూలో జరిగేది. ఇంగ్లీషు పుస్తకములను ఉర్దూలోనికి మార్చుటకు ప్రత్యేకముగా ఒక అనువాద శాఖనే పెట్టారు. దేశభాషలో ఉన్నత విద్య చెప్పుట ఆనాడు గొప్ప సాహసము. అందుకు మెచ్చుకొనవలసినదే. అయితే తెలుగు ఇంట పుట్టిన పల్లె పిల్లవానికి ఆ దేశభాష తన ఇంటి భాష కాదు. విశ్వవిద్యాలయము దగ్గర, భాష దూరము. దగ్గరున్న చదువు సైతము పరాయిది కావచ్చునని అర్థమైన కాలమది.

1938వ సంవత్సరములో ఉస్మానియా హాస్టళ్లలోని విద్యార్థులు ప్రార్థన గదులలో వందేమాతరము పాడుట మొదలుపెట్టగా అధికారులు నిషేధించారు. విద్యార్థులు సమ్మె చేశారు. వందలాది మంది చదువు నుండి వెళ్లగొట్టబడ్డారు. సంస్థానములో మరియొక విశ్వవిద్యాలయము లేదు కదా! అప్పుడు నాగపూరు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు టి. జె. కేదార్ గారు వారికి తలుపు తెరచారు. ఆ విధముగా ఎందరో తెలుగు యువకులు నాగపూరులో చదువు ముగించుకొన్నారు. తరువాత భారత ప్రధానమంత్రియైన పి. వి. నరసింహారావు గారు నాగపూరులోనే న్యాయశాస్త్రము చదివారు. వారు ఇష్టపడి ఊరు విడువలేదు. ఊరి తలుపు మూయబడినందున విడిచారు. బయటికి వెళ్లుట అందరికి ఒకే రీతిగా ఉండదు. ఒకరు ఆశతో వెళ్తారు, ఒకరు తరుమబడి వెళ్తారు.

1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానములో ఇంగ్లీషు వచ్చినది. నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల పిల్లలకు అప్పటినుండి ఉస్మానియాయే "పట్నం చదువు". వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయము 1976లో ఏర్పడేవరకు తెలంగాణమంతటికి అదే పెద్ద దిక్కు. ఇక్కడ మన కొత్తపేట కథ కలుస్తుంది. విజయవాడ రోడ్డు మీద బస్సు దిగితే మొదట తగిలేవి ఎల్.బి. నగర్, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్. నల్లగొండ నుండి, సూర్యాపేట నుండి, కృష్ణా గుంటూరు జిల్లాల నుండి చదువుకై, ఉద్యోగమునకై వచ్చినవారు ఈ రోడ్డు ప్రక్కనే అద్దె గదులలో దిగారు. గది నలుగురు కలిసి తీసికొని, కిరోసిన్ స్టౌ మీద అన్నము వండుకొని, ఊరి నుండి వచ్చిన పచ్చడితో తిని, సిటీబస్సులో కోఠీకో యూనివర్సిటీకో వెళ్లారు. ఉద్యోగము వచ్చిన తరువాత ఇక్కడే స్థలము కొన్నారు. మన సంఘములోని ఎన్నో కుటుంబముల మొదలు అదే. కనుక "పిల్లను బయటికి పంపుదామా" అని నేడు ఆలోచించే తండ్రి తానే ఒకప్పుడు బయటికి పంపబడిన బిడ్డ. అతనికి పరాయి ఊరైనది అతని బిడ్డకు సొంత ఊరైనది.

సొంత ఊరు అన్న మాటకు చట్టములో కూడ అర్థము చెప్పవలసి వచ్చినది. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమములో తరగతులు, పరీక్షలు నిలిచిపోయి పిల్లలు ఎంతో నష్టపోయారు. ఆ తరువాత 1973లో ఆరు సూత్రముల పథకము వచ్చినది. దాని ఫలముగా రెండు సంగతులు జరిగినవి. మొదటిది, 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. దేశములోని అన్ని ప్రాంతముల పిల్లలకు తలుపు తెరచిన ఆ విద్యాలయము మొదట పని చేసినది సరోజినీ నాయుడు గారి ఇల్లయిన గోల్డెన్ త్రెషోల్డ్ లోనే. చదువు కొరకు సముద్రము దాటిన ఆడపిల్ల ఇంటిలోనే, సముద్రము దాటనక్కరలేని చదువు మొదలైనది.

రెండవది, 1974 జూలై 1నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. రాష్ట్రమును ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర అను మూడు విశ్వవిద్యాలయ ప్రాంతములుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతములో 85 శాతము సీట్లు అక్కడి స్థానికులకు కేటాయించారు. రాష్ట్రవ్యాప్త సంస్థలలో 42, 36, 22 నిష్పత్తిలో పంచారు. స్థానికుడు ఎవరు? తండ్రి పుట్టిన ఊరును బట్టి కాదు, బిడ్డ చదివిన ఊరును బట్టి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికుడు. నాలుగేళ్లు ఒకచోట కుదరకపోతే కడపటి ఏడేళ్లలో ఎక్కువ కాలము చదివిన చోటు లెక్క. ఉదాహరణకు, కొత్తపేటలో పదవ తరగతి వరకు చదివి గుంటూరులో ఇంటర్మీడియట్ చేసిన పిల్లవానికి ఏడేళ్లలో ఐదు ఇక్కడివి. కనుక ఉస్మానియా స్థానికుడే. తొమ్మిదవ తరగతికే పంపివేస్తే మాత్రము ఆంధ్ర ప్రాంతపువాడు అవుతాడు.

2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత కూడ ఉమ్మడి ప్రవేశములు పదేళ్లపాటు, అనగా 2024 జూన్ 2 వరకు సాగినవి. ఆ గడువు ముగిసిన తరువాత 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము వైద్య విద్యకు క్రొత్త నిబంధన పెట్టినది. తొమ్మిది నుండి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము వరకు నాలుగేళ్లు ఇక్కడనే చదివి ఉండవలెను. దానిపై వ్యాజ్యములు నడచి, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించినది. పాత ఏడేళ్ల లెక్కను నమ్ముకొని ఇంటర్మీడియట్‌కు పొరుగు రాష్ట్రమునకు పిల్లలను పంపే తల్లిదండ్రులు ఈ మాట గట్టిగా గుర్తుంచుకొనవలెను.

మా ఎరుకలోనే అట్టి కుటుంబమొకటి ఉన్నది. కూతురు డాక్టరు కావలెనని, బంగారము కుదువ పెట్టి, పొరుగు రాష్ట్రపు హాస్టలు కాలేజీలో రెండేళ్లు చదివించారు. చేర్చుకొన్న రోజున ఫీజు సంగతి చెప్పినవారు ఈ స్థానికత సంగతి చెప్పలేదు. అడుగవలెనని మనవారికి తెలియలేదు. మార్కులు మంచివే వచ్చినవి. కాని సీట్ల జాబితాలో పిల్ల తన పుట్టిన ఊరిలోనే పరాయిదైనది. ఆ తల్లి మా ఎదుట ఏడ్వలేదు. "మేమే పంపితిమి కదా" అని మాత్రము అన్నది. ఆ మాట మాకు ఇప్పటికిని చెవిలో ఉన్నది. ఈ వ్యాసము వ్రాయుటకు అసలు కారణము అదే.

ఆ అమ్మాయి ఇప్పుడు కోఠీలో బి.ఎస్సీ. చదువుచున్నది. 1924లో ఉస్మానియా స్త్రీల కళాశాలగా పుట్టి, 1949లో పాత బ్రిటిషు రెసిడెన్సీ భవనములోనికి మారి, 2022లో మహిళా విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు ధరించిన చోటు అది. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు వచ్చినది మొదలు మన ఆడపిల్లలు చైతన్యపురిలో ఎక్కి కోఠీ దగ్గర దిగి, చీకటి పడకముందే ఇంటికి వస్తున్నారు. హాస్టలు ఖర్చు లేదు. సాయంకాలము తమ్మునికి లెక్కలు చెప్పుచున్నది. ఆదివారము గాయకబృందములో ఉన్నది. దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. దగ్గరి మెట్లు మనకు కనబడవు.

అయితే బయటి చదువు వద్దని మేము చెప్పుట లేదు. వేలూరు వెళ్లిన పిల్లలు తిరిగి వచ్చి మన ఆసుపత్రులను నిలబెట్టారు. నాగపూరు లేనియెడల 1938 నాటి పిల్లల చదువు ఆగిపోయేది. ఊరిలో దొరకని విద్య కొరకు వెళ్లుట న్యాయము. పొరుగింటివారు పంపారని పంపుట వేరు. నేడు దిల్‌సుఖ్‌నగర్ వీధులలో విదేశీ చదువుల బోర్డులు లెక్కకు మించి ఉన్నవి. మన ఆరాధనలో ముందు వరుసలలో కూర్చున్న వృద్ధ దంపతులలో అనేకుల బిడ్డలు ఫోను తెర మీదనే కనబడుచున్నారు. వారు బిడ్డల కొరకు సంతోషించుచున్నారు. మందుల చీటీ పట్టుకొని ఒంటరిగా ఆటో ఎక్కుచున్నదియు వారే.

కనుక మేము తల్లిదండ్రులకు మూడు మాటలు మనవి చేస్తున్నాము. మొదటిది, ఆ చదువు ఇక్కడ దొరకదా అని విచారించండి. రెండవది, పంపకముందే ఆ సంవత్సరపు స్థానికత నిబంధన స్వయముగా చదివి, తెలియనిచో మన సంఘములోని ఉపాధ్యాయులను అడగండి. అడుగుటలో సిగ్గు లేదు. మూడవది, బిడ్డను అడగండి. తొమ్మిదవ తరగతి పిల్లకు కూడ ఒక మనస్సు ఉన్నది.

ఇక సంఘముగా మనము చేయవలసినది ఒకటి గలదు. వెళ్లిన బిడ్డల తల్లిదండ్రులకు మనము బిడ్డలము కావలెను. ఊరి నుండి చదువుకై వచ్చి మన వీధులలో అద్దె గదులలో ఉన్న పిల్లలకు మనము తల్లిదండ్రులము కావలెను. ఒకనాడు మన పెద్దలకు ఈ కొత్తపేటలో ఎవరో ఒకరు పండుగనాడు పిలిచి అన్నము పెట్టారు. ఆ అన్నపు ఋణము ఇంకను తీరలేదు.