స్నేహితుడి మట్టిలో 38 ఏళ్లు

న్యూయార్క్ నగరం దాటి తూర్పుగా, లాంగ్ ఐలండ్ కొసదాకా పోతే ఈస్ట్ మేరియన్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరి శ్మశానంలో స్టామోస్ అనే గ్రీకు కుటుంబానికి కొంత నేల ఉంది. 1970లో ఆ నేలలో వాళ్ల వంశానికి గానీ మతానికి గానీ చెందని ఒక మనిషిని పూడ్చిపెట్టారు. ఆయన మార్క్ రోత్కో. యూదుడు. ఆ శతాబ్దపు గొప్ప చిత్రకారుల్లో ఒకడు. తనవాళ్ల కోసం ఉంచుకున్న చోటును ఆయనకిచ్చినవాడు థియోడోరోస్ స్టామోస్. రోత్కో కన్నా 19 ఏళ్లు చిన్న. తనూ చిత్రకారుడే. 1951లో లైఫ్ పత్రికలో అచ్చయిన ఒక ఫొటోలో అప్పటి అమెరికా కొత్త చిత్రకారులంతా కలిసి కనిపిస్తారు. అందులో ఇద్దరూ ఉన్నారు.

పోయినవాడికి ఆరడుగుల నేల ఇవ్వడం చిన్న మాట కాదు. అయినవాళ్లే వెనకాడే పని అది. ఆ నేల ఇచ్చిన చెయ్యి కొన్నాళ్లకే ఏ కాగితాల మీద సంతకం పెట్టిందో తలుచుకున్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. పాశ్చాత్య చిత్రకళా ప్రపంచంలో రోత్కో కేసు అని ఒక మాట స్థిరపడిపోయింది. దాన్ని చాలామంది దొంగల కథగా చెబుతారు. నాకది స్నేహం కూలిపోయిన కథగానే కనిపిస్తుంది.

రోత్కో పుట్టింది 1903లో, ఇప్పటి లాట్వియాలోని ద్విన్స్క్‌లో. పదేళ్ల వయసులో ఓడెక్కి అమెరికా చేరాడు. చేరిన కొద్ది నెలలకే తండ్రి పోయాడు. న్యూయార్క్ వచ్చి బొమ్మలు వేయడం మొదలుపెట్టాక ఎన్నో ఏళ్లు పేదరికంలోనే గడిచాయి. ఏభయ్యో ఏడు దగ్గరపడుతుండగా తనదైన దారి దొరికింది. మనిషిని మించిన కాన్వాసు, దాని మీద అంచులు కరిగిపోతున్నట్టుండే రెండు మూడు రంగుల పలకలు. అంతే. మనిషి లేడు, చెట్టు లేదు, కథ లేదు. కానీ దాని ముందు నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. సాయం సంధ్యలో దీపం పెట్టకముందు ఇంట్లో ఉండే ఆ కాసేపటి వెలుగు గుర్తుందా? ఆయన ఎరుపులూ ముదురు వంకాయ రంగులూ చూస్తే నాకు ఆ వెలుగే గుర్తొస్తుంది.

ఆ బొమ్మలు ఎవరి చేతుల్లో పడతాయో, ఏ గోడకు ఎక్కుతాయో అని ఆయన పడినంత బెంగ ఆడపిల్లకు సంబంధం చూసే తండ్రి కూడా పడడేమో. 1958లో సీగ్రమ్ భవనంలోని ఫోర్ సీజన్స్ అనే ఖరీదైన రెస్టారెంటుకు బొమ్మలు వేయడానికి ఒప్పుకున్నాడు. వేశాడు. తర్వాత అక్కడ ఒక రాత్రి భోంచేసి వచ్చి, ఆ తిండి దగ్గర తన బొమ్మలు ఉండకూడదని తేల్చుకుని, తీసుకున్న డబ్బు తిరిగిచ్చేశాడు. వాటిలో 9 బొమ్మలను లండన్‌లోని టేట్ గ్యాలరీకి కానుకగా పంపాడు. ఒకే గదిలో, మసక వెలుగులో, వేరెవరి బొమ్మలూ పక్కన లేకుండా ఉండాలని కోరాడు. ఆ బొమ్మలు లండన్ చేరిన రోజు 1970 ఫిబ్రవరి 25. అదే రోజు న్యూయార్క్‌లో, 69వ వీధిలోని తన స్టూడియోలో ఆయన చనిపోయి కనిపించాడు. తన ప్రాణం తానే తీసుకున్నాడు. గుండె రక్తనాళానికి జబ్బు చేసి అప్పటికి రెండేళ్లు కావొస్తోంది. భార్య మెల్‌కు దూరంగా, ఆ స్టూడియోలోనే ఒంటరిగా ఉంటున్నాడు.

ఆయన వదిలి వెళ్లిన బొమ్మలు 798.

ఇక్కడ బెర్నార్డ్ రైస్ గురించి చెప్పాలి. వృత్తికి అకౌంటెంట్. మక్కువకు పాశ్చాత్య ఆధునిక చిత్రాల సేకర్త. ఆయన ఇల్లు చిత్రాలతో నిండి ఉండేది, భోజనాల బల్ల చుట్టూ చిత్రకారులు ఉండేవాళ్లు. రోత్కో బొమ్మలను తొలినాళ్లలో చూపించిన పెగ్గీ గుగెన్‌హైమ్‌కు లెక్కల విషయంలో సలహాదారు ఈయనే. పన్ను కాగితం చూస్తే కంగారుపడే కళాకారులకు ఇలాంటి మనిషి దొరకడం ఎంత ధైర్యం! లెక్కలు చూసిపెడతాడు, ఒప్పందాలు చదివిపెడతాడు, పైగా బొమ్మ విలువ తెలిసినవాడు. రోత్కో చివరి ఏళ్లలో ప్రతి చిన్నదానికీ ఆయన మీదే ఆధారపడ్డాడు. 1968 సెప్టెంబరులో రాయించిన వీలునామా కూడా రైస్ తయారుచేసిందే. భార్యకు ఇల్లు, కొంత డబ్బు; టేట్‌కు కొన్ని బొమ్మలు; మిగతా బొమ్మలన్నీ తన పేరిట ఏర్పడే ఫౌండేషన్‌కు. ఆ ఫౌండేషన్ ఏం చేయాలో అందులో రాసిలేదు. రాయకపోయినా వాళ్లకు తెలుసు కదా అనుకుని ఉంటాడు. వీలునామా అమలు చేయాల్సిన ముగ్గురూ స్నేహితులే. రైస్, స్టామోస్, మానవశాస్త్రం పాఠాలు చెప్పే మోర్టన్ లెవీన్.

1970 మే నెలలో, అంటే రోత్కో పోయి మూడు నెలలు నిండేసరికి, ముగ్గురూ కలిసి మార్ల్‌బరో గ్యాలరీతో రెండు ఒప్పందాలు చేసుకున్నారు. మార్ల్‌బరో అప్పట్లో లండన్, రోమ్, న్యూయార్క్‌లలో దుకాణాలున్న పెద్ద వ్యాపార సంస్థ. యజమాని ఫ్రాంక్ లాయిడ్. మొదటి ఒప్పందం ప్రకారం 100 బొమ్మలను లీక్టెన్‌స్టైన్‌లోని మార్ల్‌బరో కంపెనీకి 18 లక్షల డాలర్లకు అమ్మేశారు. సగటున బొమ్మకు 18,000. చేతికి వచ్చింది 2 లక్షలే. మిగతాది 12 ఏళ్లలో వాయిదాల మీద, వడ్డీ లేకుండా. రెండో ఒప్పందం ప్రకారం మిగిలిన 700 దాకా బొమ్మలనూ అమ్మిపెట్టడానికి అదే గ్యాలరీకి అప్పగించారు. కమిషను 50 శాతం. సంతలో ఎడ్లజత అమ్మే రైతు కూడా నలుగురిని బేరం అడుగుతాడు. ఇంకొక గ్యాలరీ గుమ్మం తొక్కకుండా, తొందర ఏమీ లేకుండా, ఒక మనిషి జీవితమంతా ఒకే చోట అప్పజెప్పారు.

ఎందుకంటే, ఆ ఏడాది జనవరి నుంచి రైస్ అదే మార్ల్‌బరోలో జీతం తీసుకునే కార్యదర్శి, కోశాధికారి. అమ్మేవాడి తరఫునా ఆయనే, కొనేవాడి తరఫునా ఆయనే. స్టామోస్ సంగతి అంతకన్నా దిగులు పుట్టిస్తుంది. మంచి చిత్రకారుడే కానీ డబ్బు కలిసిరాలేదు. అతనికి కావలసిందల్లా ఒక పెద్ద గ్యాలరీ ఆదరణ. రోత్కో బొమ్మలు చేతులు మారిన కొద్ది నెలలకు మార్ల్‌బరో స్టామోస్‌తో కూడా ఒప్పందం చేసుకుంది. లెవీన్‌కు సొంత లాభం ఏదీ లేదు. ఇదేదో సరిగా లేదని అతనికి తోచింది. తోచినా సంతకం పెట్టాడు.

ఆగస్టు నెలలో మెల్ కూడా పోయింది. భర్త పోయి ఆరు నెలలే. కూతురు కేట్‌కు 19 ఏళ్లు. కొడుకు క్రిస్టఫర్‌కు ఆరు. వీలునామాలో తండ్రి తన బొమ్మలేవీ వాళ్ల పేరిట రాయలేదు.

ఆ పిల్ల ఏం చేయగలదని ఎవరైనా అనుకుని ఉంటే పొరపడ్డట్టే. 1971లో కేట్ కోర్టుకెక్కింది. ఆమె వెనక నిలబడ్డవాడు తండ్రికి మరో స్నేహితుడైన శిల్పి హెర్బర్ట్ ఫెర్బర్. ఆస్తిలో సగానికి మించి ధర్మానికి రాస్తే పిల్లలు అడ్డుచెప్పవచ్చని న్యూయార్క్ చట్టంలో అప్పుడు ఒక వీలుండేది, అది ఆమెకు పనికొచ్చింది. ఫౌండేషన్ ప్రజలది గనక రాష్ట్ర అటార్నీ జనరల్ కూడా వచ్చి చేరాడు. బొమ్మలు అమ్మొద్దని 1972లో కోర్టు ఆపింది. ఆపినా లాయిడ్ అమ్ముతూనే పోయాడు. ఆ ఆజ్ఞను దాటి 57 బొమ్మలు వెళ్లిపోయాయి. 1974లో విచారణ ఎనిమిది నెలలు సాగింది. ఎవరి గోడకూ అలంకారం కాకూడదనుకున్న బొమ్మలు కోర్టులో వరుస నంబర్లయ్యాయి. ఒక్కోదాని వెల ఎంతని నిపుణులు సాక్ష్యాలు చెప్పారు.

1975 డిసెంబరులో జడ్జి మిల్లర్డ్ మిడోనిక్ తీర్పు ఇచ్చాడు. ముగ్గురినీ తొలగించాడు, ఒప్పందాలు రద్దు చేశాడు, అమ్ముడుపోని 658 బొమ్మలు వెనక్కి ఇమ్మన్నాడు. నష్టపరిహారం, జరిమానా కలిపి 90 లక్షల డాలర్లు దాటాయి. వీలునామా బాధ్యతలో ఉన్నవాడు తన లాభాన్ని తలలోకి రానిచ్చాక, అతను అమ్మిన రోజు ధర చూసి సరిపెట్టుకోవడం కుదరదని, పోయిన బొమ్మకు తీర్పునాటి విలువ కట్టాలని తేల్చాడు. లెవీన్‌ను కూడా వదల్లేదు. తోటివాళ్లు తప్పు చేస్తున్నారని తెలిసీ ఊరుకున్నవాడికి, లాయరు చెప్పాడు గనక సంతకం పెట్టాననడం రక్ష కాదన్నాడు. ఈ ముక్క చదివినప్పుడు నేను లెవీన్ గురించే ఎక్కువసేపు ఆలోచించాను. మనలో చాలామందిమి అతనిలాంటివాళ్లమే. 1977లో పై కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది.

బెర్నార్డ్ రైస్ దివాలా తీశాడు. 1978లో పోయాడు. జీవితమంతా కళాకారులకు పెద్దదిక్కుగా పేరు పడ్డ మనిషి, చివరికి ఆ పేరే పోగొట్టుకుని పోయాడు. లాయిడ్ సాక్ష్యాలు తారుమారు చేశాడన్న అభియోగం మీద కొన్నేళ్లు బహామాస్‌లో ఉండిపోయి, తర్వాత వచ్చి 1983లో శిక్ష విన్నాడు. జైలు లేదు.

స్టామోస్ న్యూయార్క్‌లోని తన ఇంటి హక్కును రోత్కో వారసులకు వదులుకున్నాడు. బతికున్నన్నాళ్లు అందులో ఉండవచ్చని మాత్రం అనుమతి దొరికింది. తన గుమ్మంలోకి తాను వెళ్లినప్పుడల్లా అది ఎవరిదో గుర్తొచ్చే ఇల్లు. ఏ గ్యాలరీ ప్రపంచం కోసం ఆశపడ్డాడో ఆ ప్రపంచమే మొహం తిప్పుకుంది. తండ్రి పుట్టిన గ్రీకు దీవి లెఫ్కాడాకు పోయి, ఏటా ఎక్కువ కాలం అక్కడే గడిపాడు. బొమ్మలు వేయడం ఆపలేదు. ఆ చివరి కాన్వాసులకు ఆ దీవి పేరే పెట్టాడు. పెద్ద పెద్ద రంగుల మైదానాలు, వాటి మధ్య ఎక్కడో సన్నని గీత. తన చిత్రాల్లో కొన్నిటిని ఏథెన్స్‌లోని నేషనల్ గ్యాలరీకి తన చేతులతోనే ఇచ్చాడు. 1997లో గ్రీసులోనే కన్నుమూశాడు. నేను అతన్ని క్షమించమనడం లేదు. ఆ పిల్లలకు జరిగింది చిన్న అన్యాయం కాదు. కానీ స్నేహితుడికి సమాధి ఇచ్చిననాడు స్టామోస్ మనసులో ఏ లెక్కా లేదనే నమ్ముతాను. ఆ మనసే మే నెలలో ఎలా వంగిందన్నది ఏ తీర్పులోనూ దొరకదు.

రోత్కో బొమ్మలు చివరికి ఒక దారికి వచ్చాయి. సగం పిల్లలకు. మిగతా సగం కొత్త డైరెక్టర్లతో మళ్లీ నిలబడిన ఫౌండేషన్‌కు. ఆ ఫౌండేషన్ వాటిని మ్యూజియాలకు పంచి, 1986 నాటికి తన పని ముగించుకుంది. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి అన్నిటికన్నా పెద్ద వాటా దక్కింది. కానీ లాయిడ్ అమ్మేసినవాటిలో ఎన్నో మళ్లీ ఒక్కచోటికి రాలేదు. ఒకదాని పక్కన ఒకటి ఉంటేనే మాట్లాడతాయని వాటిని కన్నవాడు నమ్మిన బొమ్మలు అవి.

ఒక్కటి మాత్రం ఏ తీర్పూ ముట్టుకోలేదు. ఇంత జరిగినా రోత్కో స్టామోస్‌వాళ్ల నేలలోనే ఉన్నాడు. ఒక పక్క ఆ స్నేహితుడి మీద దావా, తీర్పు, అప్పీలు. ఇంకో పక్క ఆ స్నేహితుడి మట్టిలోనే తండ్రి. ఎదిగి పెద్దవాళ్లయిన కేట్, క్రిస్టఫర్‌లు తండ్రినీ తల్లినీ ఒక్కచోట, యూదుల శ్మశానంలో ఉంచాలనుకున్నారు. 2008లో కోర్టు అందుకు అనుమతి ఇచ్చింది. 38 ఏళ్ల తర్వాత ఈస్ట్ మేరియన్‌లో ఆ సమాధిని తవ్వి, ఆయన్ను న్యూయార్క్‌కు ఉత్తరాన వల్హాలాలోని కెన్సికో శ్మశానానికి తీసుకెళ్లారు. స్టామోస్ పోయి అప్పటికి పదకొండేళ్లు. అతను ఇచ్చిన చోటు తిరిగి అతని వాళ్లకు వచ్చింది.