సుబ్బారావుగారి విటమిను – పేగులలోని సూక్ష్మజీవులు

సూక్ష్మజీవి అనగానే మనకు రోగమే స్ఫురిస్తుంది. అయితే ఒక గొప్ప విటమినును కనుగొనడంలో సూక్ష్మజీవియే త్రాసుగా పనిచేసింది.

1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరుడు స్ప్రూ అనే వ్యాధితో మరణించాడు. ఆ వ్యాధిలో పేగులు ఆహారసారాన్ని సరిగా గ్రహించలేవు. విరేచనాలు, రక్తహీనత కలుగుతాయి. హార్వర్డులో పరిశోధనలు చేసిన సుబ్బారావుగారు 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. కాలేయంలో స్వల్పంగా ఉండే ఒక విటమినును వేరుచేయడానికి ఆయన నాయకత్వంలో ప్రయత్నం సాగింది.

అంత స్వల్పమైన పదార్థాన్ని కొలవడం ఎట్లా? లాక్టోబాసిల్లస్ కేసీ అనే సూక్ష్మజీవి ఆ విటమినును స్వయంగా తయారుచేసుకోలేదు. బయటినుండి లభించినంత మేరకే పెరుగుతుంది. కనుక పరీక్షనాళికలో దాని పెరుగుదలను బట్టి విటమిను పరిమాణం తెలుస్తుంది. ఈ కొలత సాయంతో స్టోక్‌స్టాడ్ ప్రభృతులు ఫోలిక్ ఆమ్లాన్ని శుద్ధి చేశారు. 1945లో లెడర్లీ బృందం దానిని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది మందయింది.

పేగులలోని సూక్ష్మజీవులలో కొన్ని ఈ విటమినును తామే తయారుచేస్తాయి. ఎలుకలకు సల్ఫా మందులిచ్చి ఆ జీవులను అణచినప్పుడు వాటికి ఫోలిక్ ఆమ్లలోపం ఏర్పడింది. విటమిను ఇవ్వగానే కోలుకున్నాయి.

ఈ జ్ఞానం నేడు పెంపుడు జంతువులకు కూడా ఉపకరిస్తున్నది. కుక్కకు విరేచనాలు చాలకాలం తగ్గకపోతే పశువైద్యుడు దాని నెత్తురులో ఫోలేటును కొలిపించవచ్చు. అది తగ్గితే, చిన్నపేగు పై భాగం సరిగా గ్రహించడంలేదేమోనని అనుమానించాలి. పెరిగితే, అక్కడ సూక్ష్మజీవులు మితిమీరి పెరిగి ఉండవచ్చు. ఆహారం వల్ల కూడా ఈ అంకెలు మారుతాయి గనుక, ఇది ఒక సూచన మాత్రమే. తుది నిర్ణయం కాదు.

సుబ్బారావుగారు 1948లో మరణించారు. అదే సంవత్సరం ఆ ప్రయోగశాలనుండే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లోకానికి వెల్లడయింది. ఎందరి ప్రాణాలనో కాపాడిన ఇట్టి మందులు, రోగక్రిములతోపాటు పేగులలో మేలుచేసే జీవులను కూడా చంపగలవు. అందుచేత మనిషికిగాని, కుక్కకుగాని విరేచనమైన ప్రతిసారీ వైద్యుని అడగకుండా యాంటీబయాటిక్ ఇవ్వడం తగదు. శత్రువును కొట్టబోయి, విటమిను చేసిపెట్టే మిత్రుని పోగొట్టుకోరాదు గదా!