మొక్కల వెలుగును కొలిచే పరికరాలు

గదుల్లో, ప్రయోగశాలల్లో, పాలీహౌసుల్లో పెరిగే మొక్కలకు ఎంత వెలుగు అందుతోందో తేల్చే సాధనాలివి. ఇవాళ వాడుకలో ఉన్నవి ముఖ్యంగా మూడు రకాలు. లక్స్ మీటరు మనిషి కంటికి ఎంత వెలుతురో చెబుతుంది. క్వాంటం మీటరు ఆకు వాడుకోగల కాంతి కణాలను లెక్కపెడుతుంది. స్పెక్ట్రోరేడియోమీటరు ఏ రంగు ఎంతుందో విడదీసి చూపిస్తుంది. మొదటిది బజారులో చవకగా దొరుకుతుంది, రెండోది కొనడానికి రైతు ఆలోచిస్తాడు, మూడోది పరిశోధన కేంద్రాలకే సాధ్యం. ఏది మంచిదన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఏం తెలుసుకోవాలని కొలుస్తున్నామో ముందు తేలాలి.

ఈ కొలతల అవసరాన్ని ఒక సీమలో పెట్టి చూద్దాం. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా చీలి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడ్డాయి. ఎండకు కరువు లేని ఈ సీమలో వెలుగు కొలిచే అవసరం విత్తనం వల్ల వచ్చింది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ సీడ్ పత్తికి పేరుపడ్డ ప్రాంతం. ఆడమొక్క పువ్వులో పుప్పొడి తిత్తులు గిల్లేసి, మర్నాడు పొద్దున్నే మగమొక్క పుప్పొడి అద్దే ‘క్రాసింగ్’ పని చేలోనే జరుగుతుంది. గింజ సంచికెక్కే ముందు మాత్రం మొలక పరీక్ష దాటాలి, అది గది లోపలి పని. అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం నియమాల ప్రకారం మొలకలకు వెలుగు ఇవ్వాల్సిన చోట రోజుకు కనీసం 8 గంటలు, 750 నుంచి 1,250 లక్స్ ఉండాలి. పత్తి గింజ చీకట్లోనూ మొలకెత్తుతుంది. కాకపోతే చీకట్లో వచ్చిన మొలక తెల్లగా, పొడుగ్గా సాగి, ఆరోగ్యమైనదో కాదో చూపుకు అందదు. 

ఆకుకు వెలుగుతో పనుందని 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ చూపించాడు. నీళ్లలో ముంచిన ఆకులు ఎండలో బుడగలు వదిలాయి, చీకట్లో వదల్లేదు. దాన్ని అంకెల్లో పెట్టడానికి ఇంకో వందేళ్లు పట్టింది. వియన్నా వృక్షశాస్త్రజ్ఞుడు యూలియస్ వీస్నర్ ఫొటోగ్రఫీ కాగితాన్ని ఆకుల మధ్య పెట్టి, అది ఎంతసేపట్లో ఎంత నల్లబడిందో ఒక నమూనా రంగుతో పోల్చి వెలుగు అంచనా కట్టేవాడు. ఆ కాగితాలతో జావా దాకా వెళ్లొచ్చి, 1907లో మొక్కలు అనుభవించే వెలుగు మీద ఒక గ్రంథం అచ్చువేశాడు. కాగితానికి నీలం కాంతే బాగా తగులుతుందనీ, ఎరుపు కనపడదనీ మరవకూడదు. పరికరానికీ ఆకుకూ చూపు కలవకపోవడమనే చిక్కు ఇక్కడే మొదలైంది. ఈ పరికరాల చరిత్ర మొత్తం ఆ చిక్కు తీసే ప్రయత్నమే.

మన దేశంలో వ్యవసాయానికీ వాతావరణానికీ ముడిపెట్టే విభాగం 1932లో పుణెలో ఏర్పడింది. వ్యవసాయ వాతావరణ కేంద్రాల్లో కనిపించే పాత సాధనం క్యాంప్‌బెల్–స్టోక్స్ ఎండ నమోదు యంత్రం. చేతిలో ఇమిడే గాజు గోళం వెనక వంపుగా అట్టముక్క ఉంటుంది. ఎండ కాసినంతసేపూ గోళం కిరణాలను ఒక చుక్కగా చేర్చి అట్టను మాడుస్తుంది. పొద్దు కదిలిన కొద్దీ మాడిన గీత సాగుతుంది, మబ్బు పట్టగానే తెగుతుంది. సాయంత్రం గీత పొడవు చూసి ఎన్ని గంటల ఎండో రాసుకుంటారు. కరెంటు అక్కర్లేదు, చెడిపోవడానికి ఏమీ లేదు. గదిలో మాత్రం ఇది ఒక గాజు బంతి, అంతే.

గదిలో పనికొచ్చే పరికరం సెలీనియం నుంచి పుట్టింది. వెలుగు పడితే సెలీనియం విద్యుత్ గుణం మారుతుందని 1873లో విల్లోబీ స్మిత్ గమనించాడు. 1931లో వెస్టన్ కంపెనీ బ్యాటరీ లేకుండా ముల్లు కదిలించే సెలీనియం ఘటాన్ని అమ్మకానికి తెచ్చింది. ఫొటోగ్రాఫర్లు మెడలో వేలాడదీసుకున్న మీటర్లు దాని సంతానమే. అప్పటికే 1924లో అంతర్జాతీయ వెలుగు సంఘం సగటు మనిషి కంటి చూపుకు ఒక గ్రాఫు గీసి ఖాయం చేసింది. శిఖరం 555 నానోమీటర్ల దగ్గర, అంటే లేత పచ్చ రంగులో. ఈనాటి ప్రతి లక్స్ మీటరూ ఆ గ్రాఫుకు కట్టుబడినదే.

మగ్గం ముందు కూర్చుని గద్వాల చీరకు కుప్పడం అంచు కలిపే నేతగాడికి లక్స్ సరైన కొలత. నూలు పోగు ఎక్కడ ఆగిందో, పట్టు పోగు ఎక్కడ అందుకుందో చూడాల్సింది అతని కన్నే. కిటికీ పక్కన కుండీలోని టమాటాకు ఆ లెక్క పట్టదు. ఆకు ఎరుపునూ నీలాన్నీ ఆబగా లాక్కుంటుంది, కన్ను చూస్తే ఆ రెండు చివర్లలోనే మందగిస్తుంది. వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో 1959 నుంచి నడుస్తున్న పాలిటెక్నిక్ లాంటి చోట్ల ఎలక్ట్రికల్ విద్యార్థులు నేర్చుకునే వెలుతురు పాఠం కూడా కంటి పాఠమే. మొక్కల పాఠం వేరే పుస్తకంలో ఉంది.

ఆ పుస్తకాన్ని తిరగరాసింది టెక్సాస్‌లో పనిచేసిన కీత్ మెక్‌క్రీ. 1972లో 22 రకాల పంట మొక్కల ఆకులను ఒక్కో రంగు కాంతిలో పెట్టి, ఏ రంగుకు ఎంత కిరణజన్య సంయోగక్రియ జరుగుతుందో కొలిచాడు. పచ్చ కాంతి ఆకుకు దండగ అన్న పాత నమ్మకం నిలబడలేదు, పచ్చ కూడా బాగానే పనిచేసింది. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య పడే ఫొటాన్లన్నిటినీ సమానంగా లెక్కపెడితే ఆకుకు దగ్గరి అంచనా వస్తుందన్న ఒప్పందం బలపడింది. ప్రమాణం: చదరపు మీటరుకు సెకనుకు ఇన్ని మైక్రోమోల్‌లు. అప్పుడప్పుడే, 1971లో, అమెరికాలోని లింకన్ పట్టణంలో మొదలైన లైకోర్ కంపెనీ ఈ లెక్కకు క్వాంటం సెన్సరు తయారుచేసింది. 1996లో యూటా రాష్ట్రంలో బ్రూస్ బగ్బీ పెట్టిన అపోజీ కంపెనీ దాన్ని కొంత చవక చేసింది.

తెలుగు నేల మీద ఈ ఆలోచన గట్టిగా నాటుకున్నది పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో. అక్కడ సజ్జ, వేరుశనగ కలిపి వేసిన మళ్లలో ఏ పంట ఎంత ఎండను అడ్డగించి పట్టుకుంటోందో శాస్త్రవేత్తలు మార్షల్, విల్లీ లెక్కగట్టి 1983లో ప్రచురించారు. ఇలాంటి పనికి పొడవాటి గాజు గొట్టం లోపల నలుపు తెలుపు పట్టీలున్న ట్యూబ్ సోలారిమీటర్లను ఆకుల కింద నేలమీద పరుస్తారు. నలుపు వేడెక్కుతుంది, తెలుపు చల్లగా ఉంటుంది, ఆ తేడా విద్యుత్తుగా బయటికొస్తుంది. చుక్కలు చుక్కలుగా పడే ఎండను సగటు చేయడానికే ఆ పొడవు. వీటిని 1964లో రూపొందించినవారిలో ఒకరైన జాన్ మాంటీత్ 1987లో ఇక్రిశాట్‌కే వచ్చి కొన్నేళ్లు పనిచేశాడు. పంట బరువు అది పట్టిన వెలుగుకు అనుపాతంలో ఉంటుందనీ, బ్రిటన్ పంటల్లో ఒక మెగాజౌల్‌కు సుమారు 1.4 గ్రాముల ఎండు పదార్థం వస్తుందనీ 1977లోనే రాసినవాడు ఆయన. వనపర్తి, నాగర్‌కర్నూలు యాసంగి వేరుశనగకైనా, గదిలో ట్రేలో పెంచే ఆకుకూరకైనా లెక్క మొదలయ్యేది అక్కడే.

లెక్క తప్పేది ఎక్కడో ఇప్పుడు చూద్దాం. ఎండను లక్స్‌లో కొలిచి 54తో భాగిస్తే మైక్రోమోల్‌లు దాదాపుగా వస్తాయి. నడినెత్తి ఎండ 1,08,000 లక్స్ అయితే 2,000 మైక్రోమోల్‌లు. ఈ 54 ఎండకే చెల్లుతుంది, తెల్ల ట్యూబులైటుకు 74. గులాబీ ఊదా రంగులో వెలిగే ఎల్ఈడీ దీపాల కింద లక్స్ మీటరు చేతులెత్తేస్తుంది. 660 నానోమీటర్ల ఎరుపు కాంతి 200 మైక్రోమోల్‌లు పడుతున్న చోట అది చూపేది 1,500 లక్స్ మాత్రమే. అదే 200 మైక్రోమోల్‌లు ఎండైతే 10,800 చూపుతుంది. మీటరును నమ్మి దీపాన్ని ఇంకా కిందికి దించితే ఆకులు పాలిపోతాయి. తొలినాటి చవక క్వాంటం సెన్సర్లలోనూ ఇలాంటి లోపమే ఉండేది. 655 దాటిన ఎరుపు వాటికి సరిగా అందేది కాదు, కాబట్టి 660 దీపాల కింద తక్కువ చూపేవి. పాత సరుకు కొనేవాళ్లు ఏ రంగు దాకా చూస్తుందో పెట్టె మీద చదువుకోవాలి.

అలాగని లక్స్ మీటరును పారేయనక్కర్లేదు. షేడ్‌నెట్ కింద మిర్చి నారు పోసే రైతుకు కావలసింది నిష్పత్తి. బయట 90,000, లోపల 36,000 వచ్చిందనుకుందాం. 50 శాతం వల అని కొన్నది దుమ్ము పట్టి 60 శాతం ఎండను ఆపేస్తోందని తెలిసిపోతుంది. బయటా లోపలా ఉన్నది ఒకే ఎండ కాబట్టి మీటరు కంటి చూపు తప్పు రెండు పక్కలా కొట్టుకుపోతుంది. మొలక పరీక్ష గదిలోనూ నియమం లక్స్‌లోనే ఉంది, తెల్ల దీపాలే ఉన్నాయి, అక్కడ క్వాంటం మీటరు కొనడం డాబు. టిష్యూకల్చర్ గదుల్లో 2,000–3,000 లక్స్, 16 గంటల వెలుగు అన్న లెక్కా ఇలాగే స్థిరపడింది.

ఫొటాన్లే కావలసింది తెల్ల దీపాల కింద లెట్యూస్ లాంటి ఆకుకూర పెంచి అమ్మదలచినవాళ్లకు. వాళ్లు రోజు మొత్తం మీద అందిన వెలుగును కూడుకోవాలి. 200 మైక్రోమోల్‌లు 16 గంటలు వెలిగితే 11.5 మోల్‌లు. లెట్యూస్‌కు కార్నెల్ విశ్వవిద్యాలయం వాడిన లక్ష్యం 17 మోల్‌లు, అది అందాలంటే అదే 16 గంటల్లో 295 మైక్రోమోల్‌లు ఉండాలి. కొలిచేటప్పుడు సెన్సరు తెల్లటి బొడిపె పైకి చూస్తూ ఆకుల ఎత్తులో ఉండాలి, మనిషి నీడ పడకూడదు, ట్రే మధ్యలోనూ మూలల్లోనూ చూడాలి. ఏటవాలుగా వచ్చే కాంతిని కూడా సరిగా పట్టడానికే ఆ బొడిపె. అది లేని ఫోన్ యాప్‌లు ఒక ఫోన్‌కూ ఇంకో ఫోన్‌కూ పొంతన లేని అంకెలిస్తాయి.

కంది విషయం కొంచెం వేరు. రాత్రి నిడివి పెరిగితేనే పూత పట్టే పంట అది. గదుల్లో వెలుగునూ వేడినీ అదుపుచేస్తూ ఏడాదికి నాలుగు తరాల కంది తీసే పద్ధతిని 2024లో ఇక్రిశాట్ ప్రకటించింది. అలాంటి చోట ఎంత వెలుగు అన్నదానితో పాటు ఏ రంగు, ఎంతసేపు అన్నవీ తెలియాలి, కాబట్టి స్పెక్ట్రోరేడియోమీటరు దాకా పోక తప్పదు. 700 నానోమీటర్లు దాటిన దూరపు ఎరుపును కూడా లెక్కలో చేర్చాలని 2020 తర్వాత బగ్బీ బృందం వాదిస్తోంది, 750 దాకా చూసే సెన్సర్లు వచ్చాయి.

తయారీదారులు రెండేళ్లకోసారి మీటరును సరిచూడమంటారు. గద్వాలలో ఆ పనిలో కొంత ఖర్చు లేకుండానే చేసుకోవచ్చు. ఈ ఊరు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ వేళ గడియారంలో 12 గంటల 15 నిమిషాలు. మబ్బు లేని రోజు ఆ సమయంలో బొడిపెను తడిగుడ్డతో తుడిచి మిద్దె మీద బల్లపరుపుగా పెడితే క్వాంటం మీటరు 2,000కు అటూ ఇటూ చూపాలి. 1,600 దగ్గరే ఆగిపోతే సెన్సరును సరిచూడటానికి పంపాలి.