సాలెవాడికి సముద్రం ఎందుకు?

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. చాయ్ పెట్టుకుని తీరిగ్గా చదవండి.

పోయిన నెల చదువుల సహాయం కోసం వచ్చిన దరఖాస్తులు చూడడానికి పదిమందిమి కూర్చున్నాం. ఇంజనీరింగ్, నర్సింగ్, బీకాం అన్నీ వరసగా అయిపోతున్నాయి. ఒక్కదాని దగ్గర ఆగిపోయాం. మా గల్లీ వెనకాల ఉండే పిల్లది. తండ్రి పవర్‌లూమ్ మీద టవళ్ళు నేస్తాడు, తల్లి బీడీలు చుడుతుంది. పిల్ల ఓడల మీద ఉద్యోగానికి పనికొచ్చే చదువు చదువుతానంటోంది. మా పెద్దాయన ఒకరు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, "సాలెవాడికి సముద్రమెందుకు బిడ్డా?" అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. గుమ్మం దగ్గర తల్లి పక్కన నిలబడ్డ ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. దరఖాస్తు వచ్చే సభకు వాయిదా పడింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెద్దాయన తప్పుగా ఏమీ అనలేదు. మనకు తెలిసిన నీళ్ళు సిద్ధేశ్వర తలావ్, కంబర్ తలావ్, నాలుగైదు రోజులకోసారి వచ్చే నళ్ళా నీళ్ళు. కానీ ఆ ప్రశ్నకు జవాబు లేదా? నాకు తెలిసిన చరిత్రంతా వెతికి చూసుకున్నాను. దొరికింది మీ ముందు పెడుతున్నాను.

మన పండుగతోనే మొదలుపెడతాను. శ్రావణ పున్నమి నాడు మన మార్కండేయ స్వామి రథం షోలాపూర్ వీధుల్లో తిరుగుతుంది. మనకు అది నూలు పున్నమి, జంధ్యాల పున్నమి. అదే రోజు కొంకణ తీరంలో కోలీలు సముద్రానికి కొబ్బరికాయ సమర్పిస్తారు. అందుకే మరాఠీలో దాన్ని నారళీ పౌర్ణిమ అంటారు. వానాకాలమంతా ఒడ్డున బోర్లించిన పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగేది ఆనాటి నుంచే. ఇక్కడ మనం నూలును పూజించే రోజే అక్కడ వాళ్ళు సముద్రాన్ని పూజిస్తున్నారు. చిన్నప్పటి నుంచి రెండూ చూస్తూనే ఉన్నాను గానీ, పక్కపక్కన పెట్టి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇక పాత కథ. శాతవాహనులు మనలాంటి వాళ్ళే. వాళ్ళ పైఠణ్ మహారాష్ట్రలో ఉంది, ధాన్యకటకం ఆంధ్రలో ఉంది. వాళ్ళ నాణేల్లో కొన్నింటి మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ కనిపిస్తుంది. రాజు తన డబ్బు మీద ఓడ బొమ్మ వేయించాడంటే ఆ ఓడలు తెచ్చే సంపద ఎంతటిదో ఊహించుకోండి.

తర్వాత కాకతీయ గణపతిదేవుడు. చీరాలకు దగ్గరలోని మోటుపల్లి రేవులో 1244లో ఆయన వేయించిన అభయ శాసనం ఉంది. అంతకు ముందు తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా రాజులు లాక్కునేవాళ్ళట. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. ముప్పయ్యో వంతు సుంకం మాత్రం కట్టి, మిగతాది మీరే ఉంచుకోండని వర్తకులకు మాట ఇచ్చాడు. సముద్రం మీద ప్రాణాలు పణంగా పెట్టి వచ్చినవాడిని గట్టు మీద దోచుకోకూడదన్న ధర్మం అది. ఆ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కో పోలో ఈ రాజ్యంలో నేసే సన్నబట్టను సాలెగూడుతో పోల్చాడు. ఆ బట్ట నేసింది ఎవరో నేను వేరే చెప్పాలా?

1605 తర్వాత డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో దిగింది కూడా బట్ట కోసమే. చీరాల వైపు నేసిన తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు పోయేవి. కాబట్టి ఓడ కడుపులో ఉండేది మన బట్టే. ఓడ నెత్తిన ఉండేది? అదీ బట్టే. ఆవిరి యంత్రం రాకముందు ప్రపంచాన్ని తిప్పిన ఇంజను నేతబట్టే. మన ముంబై డోంగ్రీ పేరు మీదుగా 'డంగరీ' అనే ముతక నూలుబట్ట వచ్చింది. తెరచాపలకూ డేరాలకూ వాడేవారు దాన్ని. 1851లో ఇంగ్లాండులో జరిగిన పందెంలో 'అమెరికా' అనే పడవ ఇంగ్లీషు పడవలన్నిటినీ ఓడించింది. ఇంగ్లీషువాళ్ళవి అవిసెనార చాపలు, అమెరికావాళ్ళవి గట్టిగా నేసిన నూలు చాపలు. నారచాప గాలికి సంచిలా ఉబ్బుతుంది, నూలుచాప బల్లపరుపుగా నిలబడుతుంది. గెలుపుకు అదొక ముఖ్య కారణమని అందరూ ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఓడల మీద కాపురం చేసిన వాళ్ళ సంగతి. గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడ పక్కన, కోరంగి అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. 1802లో ఇంగ్లీషు యుద్ధనౌక ఒకటి మరమ్మతుకు అక్కడికే వచ్చింది. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబర్‌లో ఇంకో ఉప్పెన ఆ ఊరిని తుడిచిపెట్టాయి. మొదటిదాన్ని చదివి, అలాంటి తుఫానుల గురించి ఆలోచించే పిడింగ్టన్ అనే ఆయన 'సైక్లోన్' అన్న మాట పుట్టించాడు. ఊరు పోయినా పేరు పోలేదు. బర్మాకు పోయిన తెలుగువాళ్ళందరినీ అక్కడ 'కోరంగీ'లు అనే పిలిచేవారు. పక్కనే ఉన్న తాళ్ళరేవులో చెక్క ఓడలు కట్టే పని ఆ తర్వాత కూడా సాగింది.

లోపలి కాలువల మీద ఇంకో బతుకు. 1847లో మొదలై 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి కాలువలు పొలాలకు నీళ్ళే కాదు, పడవలకు దారి కూడా ఇచ్చాయి. కాకినాడ నుంచి బకింగ్‌హామ్ కాలువ మీదుగా చెన్నపట్నం దాటి దాకా పడవల మీద ధాన్యం, ఉప్పు, కట్టెలు పోయేవి. గాలి ఉంటే చాప ఎత్తేవారు. గాలి లేకపోతే తాడు భుజాన వేసుకుని గట్టు వెంట నడుస్తూ లాగేవారు, లేదా గెడ వేసేవారు. సరంగు కుటుంబానికి పడవ మీదే పొయ్యి, పడవ మీదే పడక. చుక్కాని పట్టుకున్న నాన్న, పొయ్యి రాజేసే అమ్మ, నడుముకు తాడు కట్టిన పసివాడు. మన చాళ్ళలో మగ్గం పక్కనే ఉయ్యాల కట్టుకుని ఒక్క గదిలో గడిపిన కాపురానికీ దీనికీ పెద్ద తేడా నాకు కనిపించలేదు.

ఆ బతుకు ఎలా పోయింది? 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన పడింది. తర్వాత లారీలు వచ్చాయి. సముద్రం మీద ఆవిరి ఓడల కంపెనీలు తెరచాపల పని తీసేశాయి. ఓడ నడిపినవాడి మనవడు ఆవిరి ఓడ అడుగు అంతస్తులో టికెట్ కొనుక్కుని రంగూన్ రేవులో మూటలు మోయడానికి పోయాడు. 1930 మే నెలలో మన షోలాపూర్ స్వరాజ్యం కోసం లేచి మార్షల్ లా చూసింది. అదే మే నెలలో రంగూన్ రేవులో సమ్మె చేసిన తెలుగు కూలీల మీద అల్లర్లు విరుచుకుపడ్డాయి. 1942లో జపాన్ వాళ్ళు వచ్చాక ఎంతోమంది అడవుల గుండా కాలినడకన ఇండియాకు తిరిగొచ్చారు. సముద్రం మీద పోయినవాళ్ళు నేల మీద నడిచి రావాల్సి వచ్చింది.

మనవాళ్ళ కథా ఇలాంటిదే కదా. కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు నుంచి కొందరు నడిచి, కొందరు బండ్ల మీద, రైలు వచ్చాక కొందరు రైల్లో ఇక్కడికి చేరారు. 1877లో జూనీ మిల్లు మొదలైంది. మిల్లు వచ్చి మగ్గాన్ని తిన్నది, తర్వాత మిల్లే మూతపడింది. చేతిలో పని ఉన్నవాడు పని పోగొట్టుకుని ఇంకోడి దగ్గర కూలి కావడం వాళ్ళకూ మనకూ ఒకేలా జరిగింది.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. తెరచాప మళ్ళీ లేచింది.

గోవాలో కట్టిన 'మ్హాదేయి' అనే చిన్న తెరచాప పడవ మీద 2009-10లో కెప్టెన్ దిలీప్ దోందే ఒంటరిగా ప్రపంచం చుట్టి వచ్చారు. 2012-13లో అభిలాష్ టామీ ఎక్కడా ఆగకుండా చుట్టి వచ్చారు. 2017 సెప్టెంబర్ 10న 'తారిణి' అనే యాభై ఆరు అడుగుల పడవ మీద ఆరుగురు ఆడపిల్లలు గోవా నుంచి బయల్దేరారు. నడిపించింది వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు: విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఫాక్‌లాండ్ దీవులు, కేప్ టౌన్ రేవుల్లో ఆగుతూ పోయారు. న్యూజీలాండ్ నుంచి ఫాక్‌లాండ్ దాకా దాదాపు నలభై రోజులు నేల కనబడని ప్రయాణం. గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలి, ఇంటి కన్నా ఎత్తైన అలలు. 2018 జనవరిలో హార్న్ అగ్రం దాటారు. తిరిగి వచ్చేటప్పుడు చుక్కాని నడిపే యంత్రం చెడిపోతే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. 2018 మే 21న గోవాకు చేరారు. మొత్తం 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు నలభై వేల కిలోమీటర్లు.

ఆరుగురు, ఒక చిన్న చాళీ ఖోలీ అంత చోటు, వంతులవారీ నిద్ర, వంతులవారీ వంట, లెక్కపెట్టి వాడుకునే నీళ్ళు. చదువుతుంటే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. మాది ఎనిమిది మంది కుటుంబం. రాత్రి షిఫ్టుకు పోయిన బాపు తిరిగొచ్చేసరికి, పగటి షిఫ్టుకు పోయే కాక లేచిన చాప మీదే పడుకునేవాడు. నీళ్ళు వచ్చే రోజు డ్రమ్ములు నింపి, చెంబుల లెక్కన ఖర్చు పెట్టేది అవ్వ. పడవ మీద బతకడానికి కావలసిన చదువు సగం మన ఆడవాళ్ళకు ఇంట్లోనే వచ్చేసింది.

ఇంకొక మాట నేతగాళ్ళకు ప్రత్యేకం. ఇవాళ తెరచాప ఎక్కువగా పాలిస్టర్‌తో నేస్తారు. మామూలు గుడ్డలో పడుగూ పేకా రెండూ ఒకదాని మీద ఒకటి ఒంగుతాయి. అలా ఒంగిన పోగు గాలి బరువు పడగానే సాగుతుంది, చాప రూపు పోతుంది. అందుకని ఒక రకం చాపగుడ్డలో పేకను తిన్నగా, గట్టిగా ఉంచి, ఒంపంతా పడుగుకు వదులుతారు. కుట్టేటప్పుడు బరువు ఎక్కువగా పడే వెనక అంచు వెంట పేక వచ్చేలా ముక్కలు అమరుస్తారు. ఇది చదివి మా పక్కింటి మాస్టర్ వీవర్‌కు చెప్పాను. ఆయన చాయ్ కప్పు కింద పెట్టి, "ఇది మనకు రాని పనేం కాదు కదా తమ్మీ" అన్నాడు. నిజమే కదా.

అజంతా గుహల్లోని బొమ్మ చూసి, తాళ్ళతో కుట్టి కట్టిన పాతకాలపు ఓడ 'కౌండిన్య' 2025 మే 21న కార్వార్‌లో నావికాదళంలో చేరింది. సరిగ్గా ఏడేళ్ళ కింద తారిణి తిరిగొచ్చిన తేదీ అది. అజంతా మన రాష్ట్రంలోదే. అంటే మనమున్నది సముద్రానికి దూరమే గానీ, సముద్రపు చరిత్రకు దూరం కాదు.

అసలు మన మూలపురుషుడి కథే చూడండి. ప్రళయం వచ్చి లోకమంతా నీళ్ళయినప్పుడు ఆ నీళ్ళ మీద ఒంటరిగా తిరిగి, మర్రాకు మీద పసిబాలుణ్ణి చూసినవాడు మార్కండేయుడు. ఏటేటా రథం మీద ఊరేగించే మన స్వామి సముద్రం చూసినవాడే. ఆయన వంశం పిల్లకు సముద్రమెందుకని మనం ఎలా అడుగుతాం?

మొన్న ఆదివారం ఆ పిల్ల తండ్రి కలిశాడు. భయం లేదా అని అడిగాను. "భయం ఎందుకు లేదన్నా, ఉన్నది. కానీ నేను నేసిన టవల్ ఓడెక్కి నేను పేరు గూడ వినని దేశాలకు పోతది. ఇరవై ఏండ్ల సంది పోతనే ఉన్నది. నా టవల్ పోంగ లేనిది, నా బిడ్డ పోతే ఏమైతది?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే కింద రాయండి.

పెద్దాయన మీద నాకు కోపం లేదు. మనం ఇన్నాళ్ళూ ఒకే చోట నిలదొక్కుకోవడానికి ఎంత కష్టపడ్డామో ఆయనకు తెలుసు, అందుకే భయం. కానీ ఆయన తాత కూడా ఒకనాడు ఊరు విడిచి, తెలియని భాష ఉన్న ఈ ఊరికి వచ్చినవాడే. ఆనాడు ఊళ్ళో ఎవరో ఒకరు "అంత దూరం ఎందుకురా" అనే ఉంటారు.

వచ్చే సభ నూలు పున్నమికి ముందే ఉంది. ఆ పిల్లకు ఎక్కువేమీ అడగడం లేదు. మిగతా పిల్లలకు ఇచ్చినంతే ఇద్దాం. కార్యవర్గంలో ఉన్నవాళ్ళు ఆ రోజు తప్పకుండా రండి. ఈసారి చెయ్యి ఎత్తేవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. పోయినసారి నవ్వినందుకు ఆ మాత్రం చెయ్యాలి.

తప్పులుంటే పెద్దలు సరిదిద్దాలి. జై మార్కండేయ.