బలశబ్దార్థవిచారము

కడచిన వేసవిలో గోదావరిఖనియందు మా మేనకోడలి యింటఁ గొన్నిదినము లుంటిని. ఆమె కుమారుఁడు తొమ్మిదవ తరగతి చదువుచు న్యూటను గమననియమములను వల్లించుచుండెను. ఆమె మామగారు బొగ్గుబావిలో ముప్పదియేండ్లు టబ్బులు త్రోసినవారు. ఒకనాఁటి సాయంకాలము తాతగారు మనుమని నిట్లడిగిరి. బావిలో వాలుమీఁద హాలేజితాడు టబ్బును పైకి లాగుచుండఁగా నడుమఁ దాడు తెగినది. టబ్బు ఎటు పోవును? లాగు బలము పోయినది గావునఁ దత్క్షణమే క్రిందికి జాఱునని బాలుఁ డనెను. తాతగారు తలయూఁచి, టబ్బు రెండుమూఁడడుగులు పైకే పోయి, ఆగినట్లు కనఁబడి, పిదప వెనుకకు వచ్చుననియు, ఆ యాగినట్లు కనఁబడు క్షణమును నమ్మి దాని వెనుకకుఁ బోయినవాఁడు తిరిగి రాఁడనియుఁ జెప్పిరి. బాలుఁడు వెంటనే మాట మార్చి, అట్లయినచోఁ దాడు పెట్టిన బలము కొంత టబ్బులో మిగిలియుండుననెను.

వ్యాకరణమే జీవనముగాఁ గల నాకు ఈ యుత్తరము వినఁగానే యాశ్చర్యము కలిగినది. అది న్యూటను మతమునఁ దప్పు. అయినను మన తార్కికులు సుమారు రెండువేలయేండ్లక్రిందఁ జెప్పినదానికి మిగులఁ జేరువ.

చిక్కునకు మూలము బలమను పదమే యని నా యభిప్రాయము. పాణినీయధాతుపాఠమున బలధాతువునకుఁ బ్రాణన మర్థముగాఁ జెప్పఁబడినది. కాన బలము ప్రాణియందుండు గుణము. ఒకనియందు హెచ్చుగాను, మఱియొకనియందుఁ దక్కువగాను నుండునది. ఎద్దునకు బలమున్నదందుముగాని, ఎద్దునకును బండికిని నడుమ బలమున్నదని యెవ్వరు నందురు? ఇట్టి పదమును, రెండు వస్తువుల సంబంధమువలనఁ బుట్టి యా సంబంధము తెగఁగానే నశించుదానికిఁ బేరుగాఁ బెట్టితిమి. బాలుఁడు టబ్బులో బలమును వెదకుట సహజమే కదా.

వైశేషికులు చలనకారణములకు వేఱుపేళ్లు పెట్టిరి. త్రోపు నోదనము, దెబ్బ అభిఘాతము, పడుటకుఁ గారణమైనది గురుత్వము. వింటినుండి వెడలిన బాణముయొక్క మొదటి చలనము నోదనమువలనఁ గలుగును. ఆ చలనము బాణమునందు వేగమను సంస్కారమును బుట్టించును. తరువాతి చలనములన్నియు నా సంస్కారమువలననే కలుగును. అది తీఱఁగా గురుత్వమువలన బాణము పడును. స్పర్శగల గట్టివస్తువుల సంయోగవిశేషముచే వేగము నశించునని ప్రశస్తపాదుఁడు చెప్పెను. ఘర్షణము చలనమును హరించునను నెఱుక యిందుఁ గలదు. క్రీ.శ. 17వ శతాబ్దమున, అనఁగా న్యూటను పుట్టిన శతాబ్దముననే, ఆంధ్రుఁడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున సంస్కారమును వేగము, భావన, స్థితిస్థాపకము అని మూఁడుగా విభజించి బాలురకు సుగమము చేసెను. యూరపుఖండమున 14వ శతాబ్దమునఁ బారిసునగర పండితుఁడగు బురిడాను ఇంపెటసను పేరుతో నించుమించుగా నిట్టి మతమునే చెప్పియుండెను. కావున మా బాలుఁడు చెడ్డసాంగత్యమునఁ బడలేదు.

ఈ మతములకెల్ల నొక్కటే యడ్డు. వస్తువు చలించుచుండుటకు లోపల నొక కారణ ముండితీరవలెనని వీరి తలఁపు. కారణము కావలసినది చలనమునకుఁ గాదు, చలనముయొక్క మార్పునకు. గెలీలియో, డెకార్టులు ఈ దారిని ద్రొక్కిరి. 1687లోఁ బ్రకటింపఁబడిన ప్రిన్సిపియాగ్రంథమున న్యూటను దానిని సూత్రముగా బిగించెను. ఆయనకును బదముల చిక్కు తప్పలేదు. వస్తువునందలి జడత్వమునకును, వెలుపలినుండి కలుగు ప్రేరణకును లాటినుభాషలోని 'వీస్' అను నొక్క పదమునే వాడెను. కాని నాల్గవ నిర్వచనమున గట్టి కట్టు వేసెను: వెలుపలి బలము క్రియయందు మాత్రమే యుండును, క్రియ ముగిసిన పిదప వస్తువున నిలువదు. ద్వితీయసూత్రమునకు ముందుగా బాలురచే వల్లింపఁజేయవలసిన దీ మాట.

ద్వితీయసూత్రమున ముఖ్యమైనది షష్ఠీవిభక్తి. చలనముయొక్క మార్పు బలమున కనురూపముగా, బలము పనిచేయు దిక్కున జరుగునని దాని సారము. అందలి చలనమన, ద్రవ్యరాశిని వేగముతో గుణింపఁగా వచ్చు రాశి. బడులలోఁ బ్రసిద్ధమైన 'బలము = ద్రవ్యరాశి × త్వరణము' అను రూపమున న్యూటను దీనిని వ్రాయలేదు. దానిని సర్వసాధారణమైన సమీకరణములుగా నిలిపినవాఁడు అయిలరు. బెర్లిను అకాడమీకి 1750లో సమర్పించిన వ్యాసమున నట్లు చేసెను. బలమునకు న్యూటను పేర మానము 1948లో నంగీకరింపఁబడినది.

ఆ 1948వ సంవత్సరము వఱకు రామగుండము నిజాము రాజ్యములోనిది. అచ్చటి యున్నతవిద్య ఉర్దూలో సాగెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో వెలయుటకు ముందే, 1917లో, గ్రంథములను సిద్ధపఱచుట కనువాదశాఖ యేర్పడినది. ఉర్దూలో బలమునకు 'ఖువ్వత్' అందురు. అదియు దేహశక్తిని దెలుపు పదమే. తెలుఁగున శాస్త్రగ్రంథములకు దారి తీసిన విజ్ఞానచంద్రికామండలియు హైదరాబాదుననే 1906లోఁ బుట్టినది.

నేఁటి బడిపదములలో నాకు మిక్కిలి సందేహము గొల్పునది ద్రవ్యవేగము. షష్ఠీతత్పురుషముగా విడఁదీసినచో ద్రవ్యముయొక్క వేగమని యగును. అది వట్టి వేగమే. గుణకారము సమాసమున నెచ్చటను గనఁబడదు. దీనిని మార్పుమని కోరను, రూఢి బలవత్తరము. ఉపాధ్యాయుఁడు మాత్రము విగ్రహవాక్యమును నోటితోఁ జెప్పవలెను.

ఒక లెక్క చూతము. బొగ్గుతోఁ గూడిన టబ్బు 1500 కిలోగ్రాములు, వట్టి టబ్బు 500 కిలోగ్రాములు అనుకొందము. ఘర్షణము పోఁగా మిగిలిన త్రోపు రెంటికిని 300 న్యూటనులు. అప్పుడు నిండుదాని త్వరణము 0.2, వట్టిదాని త్వరణము 0.6. 5 సెకనులు త్రోసినచో నిండుది సెకనుకు 1 మీటరు, వట్టిది 3 మీటరులు వేగమందును. ద్రవ్యవేగము మాత్రము రెంటను 1500. ఒకే త్రోపు, ఒకే కాలము, ఒకే మార్పు. వట్టిటబ్బని తేలికగాఁ జూడరాదని బావిలో చెప్పుకొను మాటకు శాస్త్ర మిదియే.

ఇఁకఁ దెగిన తాడు. వాలు ఆఱింట నొకటి. టబ్బు సెకనుకు 3 మీటరుల వేగమునఁ బైకిఁ బోవుచున్నది. తాడు తెగినక్షణముననే వాలు వెంబడి మిగిలిన బలము క్రిందివైపుది. త్వరణము సుమారు 1.6. వేగము మాత్రము పైవైపే. రెండు సెకనులలోపున వేగము సున్న యగును. బలము సున్న కాదు. ఆగినట్లు కనఁబడు టబ్బు ఆగలేదు, దిక్కు మార్చుకొనుచున్నది. పట్టుకొనునది లేనిచో నా తిరుగుటనుండి 10 సెకనులలో సెకనుకు 16 మీటరుల వేగ మందఁగలదు. అందుచేతనే 1957నాఁటి బొగ్గుగనుల నిబంధనలు, వాలెక్కు టబ్బుల వెనుక నేలకుఁ గ్రుచ్చుకొను ఊఁతకమ్మిని గట్టవలెనని శాసించినవి. టబ్బు వెనుదిరిగిన తొలియడుగుననే అది పట్టుకొనును. నేఁ డనేకస్థలములఁ దాళ్లకు మాఱుగా బెల్టులు వచ్చినవి; సూత్రము మాఱలేదు.

ఇదంతయు బాలునికి రెండుదినములు చెప్పితిని. వాఁడు లెక్కవేసి, టబ్బు పైకిఁ బోవుదూరము రెండుముప్పాతిక మీటరులని తాతగారికిఁ జూపెను. ఆయన కాగితమును జూచి, ఇరుసులు రాచుకొనును గావున నంతకూడఁ బోదని దిద్దిరి.